రెండు ఖాళీ, మూడోది పట్టు

నర్సీపట్నంలో క్రీస్తుదాసుగారంత పిరికిమనిషి ఇంకొకరు లేరు. ఆయన మెకానిక్ షెడ్డులో పదహారేళ్లుగా పానా పట్టినవాణ్ణి చెప్తున్నాను కాబట్టి నమ్మాలి. ఇంటర్ రెండో ఏడులో కాలేజీ నన్ను భరించలేకపోయింది, నేను కాలేజీని భరించలేకపోయాను, ఇద్దరం మర్యాదగా విడిపోయాం. అప్పట్నుంచి నా చదువంతా దాసుగారి దగ్గరే. వీధి చివర బండి స్టార్ట్ చేస్తే ఇక్కణ్ణుంచే దాని పిస్టన్ రింగుల వయసు చెప్పగలను. ఓనరు పెళ్లాంతో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పగలను.

దాసుగారు బస్సు కాంప్లెక్సు ముందు రోడ్డు దాటాలంటే కుడి చూస్తారు, ఎడమ చూస్తారు, ఓసారి ఆకాశం కూడా చూస్తారు. ఆదివారం చర్చిలో అందరూ ఆమెన్ అన్నాక కూడా ఆయన పెదాలు ఇంకో రెండు నిమిషాలు కదులుతూనే ఉంటాయి. ఆ వారం షెడ్డులోంచి బయటికెళ్లిన బళ్ల నంబర్లు ఒక్కొక్కటే దేవుడికి అప్పజెప్తారట. వాళ్లావిడ కరుణకుమారిగారే ఈ సంగతి చెప్పారు.

అలాంటి మనిషి ఒకప్పుడు, ఇరవై రెండేళ్ల కిందట మొదలుపెట్టి నేను షెడ్డులో చేరిన కొత్తదాకా, రోలుగుంట రోడ్డులో డ్రాగ్ పందేలకి రాజు. ఆదివారం ఆరింటికి, రోడ్డు మీద పాలబళ్లు తప్ప ఏమీ తిరగని వేళ, రెండు బళ్లు పక్కపక్కన నిలబెట్టేవారు. మధ్యలో ఒకడు తువ్వాలు ఎత్తి వదిలేవాడు. అది నేల తాకగానే ఉరకడమే. పావు కిలోమీటరు అవతల ముగ్గుపిండితో గీసిన గీత ముందు దాటినవాడు గెలిచినట్టు. తొమ్మిదింటికి దాసుగారు తలకి నూనె రాసుకుని చర్చిలో ముందు వరసలో ఉండేవారు. ఆయన ఆర్ఎక్స్ బండి వదిలిన పొగకి బలిఘట్టం దాకా దోమలు ఊరు ఖాళీ చేసేవి. ఒకసారి బండి ఎంత దూకుడుగా పోయిందంటే ఆయన నీడ వెనకబడిపోయి, మధ్యాహ్నం షెడ్డుకొచ్చి ఆయన ఉన్నారా అని అడిగింది. నేను చూళ్లేదు గాని, చూసినవాళ్లకి టీ పోయించాను.

మిగతా కుర్రాళ్లందరికీ తెలియని భయం ఈయనకి తెలుసు. అందుకే ఆయన బిగించిన బండిమీద ఎవడికీ ఎముక విరగలేదు. ఆర్ఎక్స్‌కి ముందు చక్రానికి డిస్కు బ్రేకు తగిలించిన మొదటి మనిషి ఆయనే. దాంతోపాటు ఒక కిటుకు కూడా కనిపెట్టారు. బండి బయల్దేరే గీత మీదకి వెళ్లేముందు స్క్రూడ్రైవరుతో బ్రేకు ప్యాడ్లని వెనక్కి నెట్టేవారు. చక్రానికి రాపిడి లేకుండా పోతుంది, సెకనులో పిసరంత కలిసొస్తుంది. కాకపోతే ఆ తర్వాత బ్రేకు లీవరు నొక్కితే మొదటిసారి ఊరికే హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. రెండోసారీ అంతే. మూడోసారికి గాని ప్యాడ్లు డిస్కుని పట్టుకోవు.

తెలిసినవాడికి అది అరసెకను పని. తెలియనివాడికి రోడ్డు చివర ఏముంటే అదే బ్రేకు. అందుకని ఒక ఆచారం పెట్టారు. ప్యాడ్లు నెట్టినవాడు బండి మీదనుంచి చెయ్యి తీయకుండా అడగాలి: "ఖాళీ ఎన్ని?" ఎక్కినవాడు "రెండు" అనాలి. "పట్టు?" "మూడోది." ఈ నాలుగు ముక్కలూ అయితేగాని తువ్వాలు ఎత్తేవాడు తువ్వాలు ఎత్తడు. దాసుగారు ఒకటికి రెండుసార్లు అడిగేవారు.

ఆయన కూతురు ఎస్తర్ రాణి. ఇరవైమూడేళ్లు, అనకాపల్లిలో ఒక బైకు షోరూము సర్వీసు సెక్షన్‌లో ఉద్యోగం. తండ్రి చెవితో వినేది కూతురు లాప్‌టాప్‌లో చదువుతుంది. బండికి ఒక వైరు గుచ్చి, "కొండన్నా, దీనికి రెండో సెన్సరు పోయింది" అని నాతో అంటుంది. నేను అప్పటికే చెప్పి ఉంటాను అదే మాట, కాకపోతే మనసులో.

ఈ ఫిబ్రవరిలో నక్కపల్లి వైపు ఒక లేఅవుట్‌లో, ప్లాట్లు అమ్ముడుపోక ఖాళీగా పడున్న సిమెంటు రోడ్డు మీద, సిటీ నుంచి ఒక క్లబ్బువాళ్లు పందేలు పెట్టారు. ఎస్తర్ పేరిచ్చింది. పొద్దున్న ఎనిమిదింటికి ముగ్గురం అక్కడున్నాం. తువ్వాలు లేదు. దానికి బదులు లైట్ల స్తంభం, పచ్చలైటు వెలిగితే బయల్దేరడం. ఈ పందెంలో ఎవరి బండి ఎన్ని సెకన్లలో వెళ్తుందో వాళ్లే ముందు రాసిచ్చుకోవాలి. నెమ్మది బండికి పచ్చలైటు ముందు, వేగం బండికి వెనక. రాసిన టైంకన్నా బేగి వెళ్లిపోతే ఓడినట్టు. ఎస్తర్ రెండొందల మీటర్లకి పది పాయింట్ ఇరవై సెకన్లు అని రాసింది. ఎదటివాడు ధర్మతేజ అని విశాఖపట్నం కుర్రాడు, వాడిది పెద్ద బండి, ఏడున్నర.

"బేగి వెళ్తే ఓడిపోయినట్టా," అన్నారు దాసుగారు. "ఇదేటి పందెంరా కొండబాబూ, రైలు నడపడమా?"

"రైలు టైంకెక్కడొస్తాదండీ," అన్నాను.

"నాన్నా," అంది ఎస్తర్, గ్లవ్స్ తొడుక్కుంటూ. "మీ పందెంలో ఎవరి బండి బలమైందో తేలేది. ఇందులో ఎవరికి తమ బండి తెలుసో తేలుతుంది."

"నీ బండి నీకేటి తెలుసు? జారితే కంప్యూటరు డబ్బా సూసుకుంటాది, గేరుకి డబ్బా, బ్రేకుకి డబ్బా. మా రోజుల్లో వెనక చక్రం జారితే ముడ్డికి తెలిసేది."

"ఇప్పుడు దానికన్నా ముందు డబ్బాకి తెలుస్తుంది."

  దాసుగారు అప్పటికే రోడ్డు చివర ఏముందో నడిచి వెళ్లి చూసొచ్చారు. గెలుపు గీత తర్వాత ఆగడానికి నూట యాభై మీటర్లు, ఆపైన నాలుగు వరసల పాత టైర్లు, వాటి వెనక ప్రహరీ గోడ, గోడకవతల జీడితోట. వచ్చి నా చెవిలో, "టైర్లు సాలవురా" అన్నారు. సాలవు అని ఆయన అనని చోటు ఈ జిల్లాలో లేదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఎస్తర్ వంతు వచ్చింది. ముందు బండి వెళ్లేదాకా బయల్దేరే గీతకి పదడుగుల వెనక ఆగింది. ఇంజను ఆడుతోంది, హెల్మెట్ పెట్టేసుకుంది. దాసుగారు బండి చుట్టూ తిరిగి ఒక్కొక్క నట్టూ వేలితో తాకుతున్నారు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశారు, డిస్కు దగ్గర అటొకసారి ఇటొకసారి తిప్పారు, మళ్లీ జేబులో పెట్టేశారు. కళ్లు మాత్రం రోడ్డు చివర టైర్ల మీదే ఉన్నాయి. నేను చూశాను. ఎన్నాళ్లకి చూశాను ఆ చెయ్యి అని మురిసిపోయాను కూడా.

విజిల్ వేశారు. క్లబ్బు టీషర్టుల కుర్రాళ్లు మమ్మల్ని తాడు వెనక్కి తోసేశారు. ఎస్తర్ కాళ్లతో తోసుకుంటూ బండిని గీత మీదకి తీసుకెళ్లింది.

తాడు పట్టుకున్న దాసుగారి చెయ్యి నా చేతికి తగిలింది. ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది.

"కొండబాబూ," అన్నారు. "నేను ప్యాడ్లు నెట్టినానా?"

"నెట్టేరు కదండీ."

"అడిగినానా?"

 ఆయన అడగలేదు. అడిగినా ఆ పిల్లకి జవాబు తెలీదు. ఆ ఆచారం పుట్టినప్పుడు అది ఉయ్యాల్లో ఉంది, మేం దానికి ఎప్పుడూ చెప్పలేదు. "బ్రేకుకి ఏబీఎస్ డబ్బా ఉంది కదండీ" అన్నాను, నాకే నమ్మకం లేకుండా. లీవర్లో పట్టే లేనప్పుడు ఏ డబ్బా దేన్ని కాపాడుతుంది.

దాసుగారు తాడు కింద దూరారు. యాభై దాటిన మనిషి, మోకాళ్లు అరిగిపోయిన మనిషి, గేదెదూడలా దూరి పరుగెత్తారు. ఇద్దరు కుర్రాళ్లు పట్టుకున్నారు. "పెద్దాయనా, లైట్లు పడిపోతున్నాయి, రండి" అంటున్నారు.

"ఖాళీ ఎన్ని?" అని అరిచారాయన. "ఎస్తరూ, ఖాళీ ఎన్నమ్మా?"

చర్చిలో కూడా అంత గొంతు నేను వినలేదు. హెల్మెట్ లోపల ఆ పిల్లకి ఇంజను తప్ప ఏం వినిపిస్తుంది. పసుపు, పసుపు, పసుపు. పచ్చ. వెళ్లిపోయింది.

నేను జీవితంలో చాలా కోతలు కోశాను. ఆ పది సెకన్ల గురించి మాత్రం ఒక్కటీ కోయను.  ధర్మతేజ బండి ఇంకా బయల్దేరే గీత మీదే ఉంది, రెండున్నర సెకన్లు దాటాక దానికీ పచ్చ వెలిగింది, అది ఒక్క ఉరుకున ఎస్తర్ వెనక పడింది. దాసుగారు దాన్ని చూడలేదు. ఎదటి బండి శబ్దం ఆయనకి వినపడలేదని ప్రమాణం చేస్తాను. ఆయన వేళ్లు గాలిలో లీవరు నొక్కుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. మళ్లీ ఒకటి, రెండు, మూడు. నూట పది మీదున్న బండి సెకనుకి ముప్ఫై మీటర్లు తింటుంది. గీత దాటాక ఖాళీ లీవరు చూసి ఒక్క సెకను బిత్తరపోతే చాలు. రెండు సెకన్లు బిత్తరపోతే, ఇంక టైర్లే.

గెలుపు గీతకి ఇంకా ఇవతలే ఎస్తర్ బండి వెనక ఎర్రలైటు వెలిగింది.

నాకు అర్థం కాలేదు. పందెంలో గీత రాకుండా బ్రేకు వేసేవాడెవడు. దాసుగారి కాలంలో అలా చేస్తే మర్నాడు షెడ్డులో చీరా గాజులూ పెట్టేవారు. లైటు ఆరింది. మళ్లీ వెలిగింది, ఆరింది. మూడోసారి వెలిగి అలాగే ఉండిపోయింది. గీత దాటింది. బండి ముందుకి తల వంచింది, టైర్లకి బాగా ఇవతల నడక వేగానికొచ్చి, వెనక్కి తిరిగే దారిలోకి మళ్లింది.

దాసుగారు రోడ్డు మీదే కూర్చుండిపోయారు. కుర్రాళ్లు ఆయన్ని వదిలేశారు. వాళ్లకీ ఏదో అర్థమైనట్టుంది.

మైకులో ధర్మతేజ రాసిన టైంకన్నా ముందొచ్చాడని, ఎస్తర్ గెలిచిందని చెప్పారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అంటే మేం కొట్టలేదు. ఎస్తర్ బండి మా దగ్గర ఆపి, హెల్మెట్ అద్దం పైకెత్తింది. 

"ముందు బ్రేకు రెండుసార్లు ఖాళీగా వచ్చీసింది," అంది. "పొద్దున్న నేనే చూసుకున్నాను, బాగుంది. ఎవరు ముట్టుకున్నారు?"

ఏడు రకాలుగా అబద్ధం చెప్పడం నాకొచ్చు. "దుమ్మేదైనా పడిందేమోలే" అన్నాను.

"కొండన్నా, నువ్వు ఊరుకో."

"నేనేనమ్మా," అన్నారు దాసుగారు కింద నుంచే. "ప్యాడ్లు ఎనక్కి నెట్టీసినాను. నీకు సెప్పనేదు."

"ఎందుకు?"

ఆయన తన చేతుల వంక చూసుకున్నారు. "బయమేసింది," అన్నారు. "బయమేస్తే ఈ సెయ్యి పాత పనే సేస్తాది."

ఆ పిల్ల అరవలేదు. అరిస్తే బాగుండేది. "రాసిన టైంకన్నా ముందు వెళ్లిపోతున్నానని గీత ముందే కాస్త బ్రేకు తాకించాను నాన్నా," అంది. "వేగం చంపుకోడానికి. అలా అక్కడే తెలిసింది కాబట్టి ఇంకా రెండుసార్లు నొక్కేను. మామూలు పందెమై గీత దాటాకే నొక్కుంటే..." అక్కడ ఆగిపోయింది.

"పేరు కొట్టించీ అమ్మా. ఇంటికెళ్లిపోదాం."

"కొట్టించను. రెండో రౌండుంది." బండి దిగి తనే చక్రం దగ్గర కూర్చుంది, చక్రం తిప్పింది, లీవరు నొక్కింది, ప్రతి బోల్టూ చూసుకుంది. లేచి చెయ్యి చాచింది. దాసుగారు జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి ఇచ్చారు. ఎస్తర్ దాన్ని నాకిచ్చింది. "నాన్నా, నువ్వు తాడు అవతల నిలబడు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకో. నేను వచ్చేదాకా తీయకు."

నర్సీపట్నం చుట్టుపక్కల పాతిక ఊళ్ల బళ్లు ముట్టుకున్న చేతులవి. ఆయన లేచి, తాడు అవతలికెళ్లి, రెండూ జేబుల్లో పెట్టుకున్నారు.

రెండో రౌండులో ఎస్తర్ ఓడిపోయింది. రాసిన టైంకన్నా పాయింట్ మూడు సెకన్లు ఆలస్యం. గీతకి చాలా ముందే బ్రేకు వేసింది, మరీ గట్టిగా వేసింది, అది నాకు కనిపించింది. ఎందుకని నేను అడగలేదు. దాసుగారు అంతసేపూ కళ్లు మూసుకునే ఉన్నారు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

ఎస్తర్ వచ్చి బండి స్టాండు వేసింది. హెల్మెట్ తీద్దామని గడ్డం కింద పట్టీ వెతుక్కుంది. క్లిప్పు దొరకడం లేదు. రెండుసార్లు ప్రయత్నించి వదిలేసింది. తండ్రి ముందు నిలబడి గడ్డం పైకెత్తింది.

"ఈ క్లిప్పు రావట్లేదు నాన్నా."

ఆయన కళ్లు తెరిచారు గాని చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

"తీయొచ్చు," అంది ఎస్తర్. "జేబులోంచి తీయొచ్చు."

ఆయన చేతులు రెండూ బయటికి తీసి, ముందు ప్యాంటుకి తుడుచుకున్నారు. తర్వాత క్లిప్పు పట్టుకుని, "ఇప్పుడు కుడిపక్క నొక్కుతున్నానమ్మా" అని చెప్పి నొక్కారు.