పక్కవాళ్లను మరిచిన లెక్క

అందుకేనండీ, బొంగరం ఓ చోట కుదురుగా కూర్చుందని ఎవరైనా చెబితే మీరు అస్సలు నమ్మకండి. ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. కంప్యూటర్‌కి ఓ లెక్క అప్పగించిందంటే, అది తేలేదాకా కాలుకాలిన పిల్లే. నీళ్ల సీసా నింపుతుంది. నింపిన నీళ్లు కిటికీలో మొక్కకి పోసి మళ్లీ నింపుతుంది.

ఆమె పని అణువులతో. ఒక చివర ఎలక్ట్రాన్లను ఇచ్చే గుణం, రెండో చివర వాటిని లాక్కునే గుణం ఉన్న అణువులు కావాలి. అలాంటిదాని మీద లేజర్ పడితే లోపలి ఎలక్ట్రాన్లు ఒకవైపే ఎక్కువ ఊగుతాయి. ఆ ఊపులోంచి వేరే రంగు వెలుగు పుడుతుంది. కంటికి కనిపించని వెలుగు లోపలికి పోయి, పచ్చగా బయటికొస్తుంది. ఏ అణువు ఆ పని బాగా చేస్తుందో ముందే లెక్కగట్టి చెప్పడం బొంగరం వంతు. దాన్ని తయారుచేయడం అదే ల్యాబులో పై అంతస్తులో పనిచేసే సీసాలక్క వంతు.

మొన్న రెండు అణువులు పోటీకొచ్చాయి, పొట్టిదీ పొడుగుదీ. పొడుగుదానికి వచ్చిన పెద్ద అంకె చూసేసరికి బొంగరానికి కాలు నేల మీద నిలవలేదు.

"అక్కా, కళ్లు మూసుకుని పొడుగుది చేసెయ్!" అని చెప్పి వచ్చేసింది.

సీసాలక్క దగ్గర అందుకు కావలసిన పొడి ఒక్క చిన్న సీసాడే ఉంది. వానాకాలమంతా కడిగి, వడగట్టి, ఆరబెట్టి కూడబెట్టుకున్నది. అది పోతే మళ్లీ మొదటికే.

ఇవాళ పొద్దున బొంగరం పిల్లల్ని లేపడానికి వెళ్లింది. అన్నయ్య కూతుళ్లిద్దరూ ఇరుకు మంచం మీద తల అటొకరు, ఇటొకరు పెట్టి నిద్రపోతున్నారు. చూడగానే ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమయిందే, అలా బిగుసుకుపోయావ్?" అంది అమ్మ.

"నా అణువులు కూడా ఇలాగే పడుకుంటే ఎలాగమ్మా?"

"పడుకోనీ. నీ దగ్గర అవైనా పడుకుంటాయి. ముందు టిఫిన్ తిను."

తినలేదు. ఆమె లెక్కగట్టింది ఒంటరి అణువుని. గట్టిపడి స్ఫటికమయ్యాక దాని పక్కన ఇంకోటి ఉంటుంది కదా! అది తల రెండోవైపు పెట్టి తిరగేసి పడుకుందా, దీని ఊపుని దాని ఊపు కొట్టేస్తుంది. ఇక వెలుగూ లేదు, గిలుగూ లేదు. ఈ సంగతి తెలియక కాదు. పక్కవాళ్ల సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంది, అంతే.

పరుగున ల్యాబుకి వెళ్లి, రెండేసి అణువుల్ని పక్కపక్కన పెట్టి కొత్త లెక్క మొదలెట్టింది. అది తేలకుండా ఏ మొహం పెట్టుకుని ఆపమంటుంది? ఆపమనకపోతే పొడి గంగలో కలిసినట్టే. సీసాలక్కకి ఫోన్ చేసింది, ఎత్తలేదు. సగం మెట్లెక్కింది, దిగింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. సాయంత్రానికి లెక్క తేలింది. తిరగేసి పడుకున్న జంటే హాయిగా ఉంది. ఈసారి మెట్లన్నీ ఎక్కేసింది.

"అక్కా, ఆపు! పొడుగుది వద్దు!"

సీసాలక్క ముందు ఫ్లాస్కులో ఎర్రటి ద్రవం గిర్రున తిరుగుతోంది.

"ఆపడానికి ఇదేమన్నా ఫ్యానా? సగం పొడి ఇందులో పోసేశాను."

"ఫోన్ చేశాను కదక్కా!"

"చేతులకి గ్లౌజులు. ముక్కుతో ఎత్తమంటావా?" అని, ఆమె మొహం చూసి గొంతు తగ్గించింది. "ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున్నే. లెక్క తేలాక చెబుదామని..."

"అప్పటిదాకా కింద కూర్చున్నావా?"

"కూర్చోలేదు. మెట్లు ఎక్కి దిగాను."

సీసాలక్కకి కోపంలోనూ నవ్వొచ్చింది. "అంత దూరం వచ్చినదానివి మిగతా మెట్లు కూడా ఎక్కితే నీ సొమ్మేం పోయేదే? అనుమానంగా ఉందంటే ఆగేదాన్ని కదా! నాతో అనుమానం చెప్పడానికి కూడా అంకెలు కావాలా నీకు?"

బొంగరం కళ్లు తుడుచుకుంది. "మిగిలిన సగంతో పొడుగుదానికే పక్కకి ఓ కొమ్మ తగిలిద్దామక్కా. మధ్యలో దిండు పెట్టినట్టు. ఇక తిరగేసి ఒకదానికొకటి అతుక్కోలేవు."

"దానికి కావలసిన సీసా కింద స్టోర్‌లో ఉంది. స్టోరాయన షట్టర్ వేసేలోపు పట్టుకురా. ఎక్కడా ఆగకు, నీకు పుణ్యముంటుంది."

బొంగరం దూసుకుపోయింది. మెట్ల మలుపు దగ్గర కాలు ఆగింది. ఆ కొమ్మ అడ్డం పడి అణువే మెలితిరిగితే? అప్పుడు ఎలక్ట్రాన్లు ఈ చివర నుంచి ఆ చివరకి ఎలా పోతాయి? కంప్యూటర్ గది తలుపు ఎదురుగానే తీసి ఉంది. అటు ఒక అడుగు వేసింది. ఆగింది. గిరుక్కున తిరిగి పైకి పరుగెత్తింది.

"సీసా ఏదే?" అంది సీసాలక్క.

"సీసా కాదక్కా, ఇంకో అనుమానం."

కింద స్టోరాయన షట్టర్ దించుతున్నాడు.