అలివేలమ్మ సవతులు

మొగుడు బతికున్నన్నాళ్లూ తామే తిట్టి, ఆయన పోయాక ఇంకెవరైనా ఒక్కమాట అంటే మీదపడి కొట్టేంత పని చేసే ఆడవాళ్లు కొందరుంటారు. బెంగళూరు చిక్కపేట వెనక సందులో మా ఇంటి ఓనరు అలివేలమ్మ ఆ రకం. నేను మేడమీది గదిలో అద్దెకుంటూ బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని. కింద ఆమె చీరలకు ఫాల్స్ కుట్టేది. మిషన్ చప్పుడు ఆగిందంటే నోరు మొదలైందని అర్థం.

ఆమె భర్త మునినారాయణప్ప హోల్‌సేల్ చీరల దుకాణంలో సేల్స్‌మన్. నెమ్మదస్తుడు. తొంభైల్లో బబుల్‌గమ్‌తో పాటు క్రికెటర్ల కార్డులు వచ్చేవి. ముందు ఆటగాడి ఫొటో, వెనక ఇన్ని పరుగులని అంకె. పరుగులు కూడబెట్టి కార్డులు కొట్లో ఇచ్చేస్తే ఓ బొమ్మల పుస్తకం ఇచ్చేవాళ్లు. పిల్లలందరూ ఆ పుస్తకం కోసం ఎగబడుతుంటే, మీసం నెరిసిన ఈయన కార్డుల కోసం ఎగబడ్డాడు. పైగా బబుల్‌గమ్ ఆయనకు పడదు. కొన్నదంతా మూటలు మోసే హమాలీలకు పంచేసి కార్డు మాత్రం జేబులో వేసుకునేవాడు. పెద్దపెద్ద మీసాల హమాలీలు బుడగలు ఊదుకుంటూ చీరల బేళ్లు మోసిన వీధి మాది. నవ్వకండి, నేను కళ్లారా చూశాను.

పిల్లల్లేని ఇల్లు. సాయంత్రం దుకాణం నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, కార్డులు దాచిన బిస్కెట్ డబ్బాలు ముందేసుకుని కూర్చునేవాడు. వాటిని అలివేలమ్మ ఒక్కనాడూ ముట్టుకోలేదు.

“నాకు సవతులు పదకొండు మందమ్మా,” అనేది నాతో, ఆయనకు వినబడేలా. “అందరూ గడ్డాలూ మీసాలూ ఉండేటోళ్లే. యా జన్మలో పాపమో!”

ఆయన నవ్వుతూ ఇంకో కార్డు తీసేవాడు.

2004 వానాకాలంలో ఉన్నట్టుండి గుండెపోటుతో పోయాడు. కార్డుల డబ్బాలు మూడు మిగిలాయి.

ఆయన తమ్ముడు వీరభద్రానికి చందాపుర దగ్గర ఫ్యాక్టరీలో పని. వదిన ఒంటరిదయిందని నెలకోసారి బియ్యం, కందిబేడలు మోసుకొచ్చే మంచివాడే గాని, నోటికి మాత్రం అదుపు లేదు. వచ్చిన ప్రతిసారీ అటక మీది డబ్బాలు చూసి, “ఇంకా పెట్టుకోనుండావా వదినా? గుజరీకి వేసేయ్. మా అన్న బతుకంతా చిత్తుకాగితాలు ఏరినాడు,” అనేవాడు. పాతసామాన్ల కొట్టును బెంగళూరులో గుజరీ అంటారు.

ఆమె రెండేళ్లు వింది. ఒకనాడు మేడెక్కి వచ్చింది.

“ఇట్లాటివి తెలిసినోళ్లు ఎవరన్నా ఉండారా అమ్మా? అమ్మేదానికి కాదు. ఇవి ఇంత విలువ చేస్తాయని ఒకరు చూసి చెప్పల్ల. మా మరిది ముందర చెప్పల్ల. ఆ మనిషి పిచ్చోడు కాదని వానికి తెలియల్ల.”

ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

బ్రూక్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా పిన్ని కొడుకు కౌశల్‌కు ఈ పాత కార్డుల పిచ్చి ఉంది. వీరభద్రం వచ్చే ఆదివారం చూసి వాణ్ణి రప్పించాను. అలివేలమ్మ భర్త పంచె ఉతికి నేల మీద పరిచింది. కౌశల్ దానిమీద కార్డులు వేరుచేసి పేర్చడం మొదలుపెట్టాడు. ముందు దేశం వారీగా, తర్వాత ఏడాది వారీగా, ఆ తర్వాత మూలలు చూసి నలిగినవి ఒక వరస, నలగనివి ఒక వరస. వీరభద్రం గోడకానుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

రెండు డబ్బాలు అయ్యాయి. “ఇవి మామూలువే ఆంటీ. చాలామంది దగ్గర ఉంటాయి,” అన్నాడు కౌశల్. వీరభద్రం మీసంలో నవ్వుకున్నాడు. అలివేలమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మూడో డబ్బా ముందుకు తోసింది.

మూత తీయగానే కౌశల్ సర్దుకుని కూర్చున్నాడు. “అక్కా, ఇది ఫుల్ సెట్! అప్పట్లో మేమందరం పుస్తకం కోసం కార్డులు ఇచ్చేశాం. ఒక్కటీ వదలకుండా దాచినవాళ్లు ఎవరున్నారు? దీని వాల్యూ...”

అక్కడ ఆగిపోయాడు. పైనున్న కార్డు కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. ఇంకోటి తీశాడు. ఇంకోటి. ప్రతి కార్డు మీదా ఆటగాడి నుదుట తడిపి పెట్టిన పసుపు, దాని మీద కుంకుమ. ఎండి అట్టలోకి ఇంకిపోయాయి.

“ఎవరు చేశారిది?”

“నేనే,” అంది అలివేలమ్మ. “ఆయన పోయిన ఏడు ఆయుధపూజకి. మిషనుకు పెట్టినాను, కత్తెరకు పెట్టినాను. ఆయన సామానుకు పెట్టకుండా ఎట్ల ఉండేదప్పా? ఆయనకు ఈ డబ్బా అంటే ప్రాణం. పొద్దంతా కూర్చోని ఒక్కొక్కరికీ పెట్టినాను. ఏం, పెట్టకూడదా?”

కౌశల్ నావైపు చూశాడు. అబద్ధం చెప్పరా సన్నాసీ అని కళ్లతో గదమాయించాను. వాడికి అర్థం కాలేదు. “మరక పడితే ఎవరూ కొనరు ఆంటీ. ఇప్పుడు దీనికి ధర లేదు.”

ఆమె ముఖం పాలిపోయింది. రెండేళ్లుగా మరిదికి చెప్పాలనుకున్న జవాబును తన చేత్తోనే చెరిపేసుకుంది. ఇక వీరభద్రం మళ్లీ చిత్తుకాగితాలని అంటాడు, ఆ మాట వినలేక నేను తల దించుకున్నాను.

వీరభద్రం శనక్కాయలు పక్కన పెట్టి, చేతులు దులుపుకుని వచ్చి కూర్చున్నాడు. ఒక కార్డు తీశాడు. హెల్మెట్ పెట్టుకున్నవాడికి హెల్మెట్ మీద బొట్టు. వెనక్కి తిరిగి పరుగెత్తేవాడికి వీపు మీద బొట్టు. ఒక్కో కార్డే తీసి చివరిదాకా చూశాడు.

“ఇన్నిటికీ నువ్వేనా వదినా? దీన్లని చూస్తేనే మండిపడేదానివి కదా?”

ఆమె తలూపింది.

అతను చేతిలో కార్డు కళ్లకద్దుకున్నాడు. అన్నీ జాగ్రత్తగా డబ్బాలో సర్ది, మూత పెట్టి, లేచి అటక మీద కాదు, దేవుడి గూట్లో అన్న ఫొటో పక్కన పెట్టాడు.

“బొట్టు పెట్టింది గుజరీకి వేసేకి లేదు వదినా. ఇంగ ఆ మాట అనను.”

అప్పుడు ఏడ్చింది అలివేలమ్మ. భర్త పోయిన రోజు కూడా నేను చూడని ఏడుపు. కౌశల్ కంగారుపడి నీళ్ల కోసం లేచాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, ముక్కు చీది, ఫొటోలో మొగుడి వైపు తిరిగింది.

“చూసినావా?” అంది. “సవతులకు బొట్టు పెట్టిన పెండ్లాన్ని యా ఊర్లో అయినా చూసినావా నువ్వు?”