ముళ్లులేని తీగ పక్కన మొలిచింది

ఈ పరాయి దేశంలో, లూకన్ అనే ఊళ్లో, మా ఇంటి వెనక తోటలో ముళ్లులేని బ్లాక్‌బెర్రీ నాటింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే తప్పంతా మా ఆయన మీదకో ఈ దేశం మట్టి మీదకో తోసేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. కాలవ గట్టున పొదల్లో అడవి బ్లాక్‌బెర్రీలు కోయబోయి, మోచేతుల దాకా గీరుకుపోయి ఏడుస్తూ వచ్చింది. ఆ చేతులు చూసి నా ప్రాణం ఉసూరుమంది. "ముళ్లులేని రకం దొరుకుతుందట, ఇంట్లోనే వేస్తాను" అన్నాను. "నువ్వు అనుకున్నాక ఆగుతావా?" అని మా ఆయన నవ్వాడు.

చలికాలం చివర్లో రెండు మొక్కలు తెచ్చాను. కంచె పక్కన ఏళ్లతరబడి ఎవరూ ముట్టుకోని నేలని లోతుగా తవ్వి నాటి, కంచెకి మూడు వరసల్లో ఇనుప తీగ లాగి కట్టాను. మొదటి ఏడాది కొమ్మలు బారెడు బారెడు సాగాయే గానీ ఒక్క పువ్వు పూస్తే ఒట్టు. పక్కింటి ముసలాయన గోడ మీంచి చూసి, ఈ ఏటి కొమ్మ వచ్చే ఏడే కాస్తుంది, అంతా గ్రాండ్, కంగారుపడకు అన్నాడు.

ఆ తవ్విన మట్టిలోనే, బ్లాక్‌బెర్రీ మొదలు దగ్గర, ఇంకో మొక్క లేచింది. తీగ మీద వాలే పిట్టలు వేశాయో, నేను తవ్వినప్పుడు అడుగునున్న గింజే పైకొచ్చిందో తెలీదు. కలుపు తీస్తూ దాన్ని పీకబోయి, ఆకు చూసి ఆగిపోయాను. అరె, కామంచి! బడి నుంచి వస్తూ చేలగట్ల మీద కోసుకుతిని నోరంతా నల్లగా చేసుకున్న కామంచి! ఈ చలిదేశంలో సొంత మనిషి కనబడినట్టయింది. పీకలేదు సరికదా, రోజూ నీళ్లు పోసి పెంచాను.

రెండో వేసవికి అది నా నడుం దాకా వచ్చింది. కామంచి అంత ఎదగదు. చూశాను. కామంచికి బుల్లి తెల్లపూలు, దీనికేమో గంటల్లా వేలాడే ఊదాపూలు. అదీ చూశాను. కామంచి పళ్లు గుత్తులుగా, శనగగింజంతే ఉంటాయి. ఇవి ఒక్కొక్కటిగా, రేగుపండంత, నల్లగా నిగనిగలాడుతున్నాయి. దేనికైనా నా దగ్గర జవాబు సిద్ధం. ఇక్కడ వంకాయే గుమ్మడికాయంత ఉంటుంది, కామంచి రేగుపండంత ఉంటే ఏమైంది? ఆ తెలివి తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి గిన్నె పట్టుకుని, ముట్టుకుంటే ఊడొచ్చే బ్లాక్‌బెర్రీలు కోసుకుంటోంది. చేతుల మీద ఒక్క గీత లేదు. నాకెంత గర్వమో! వంగి ఆ రెండో మొక్క నుంచి మూడు పళ్లు కోసి దాని అరచేతిలో పెట్టాను.

"ఇవి కామంచి పళ్లు. అమ్మ చిన్నప్పుడు తెగ తినేది."

"దే'ర్ స్వీట్, మామ్" అంది, మూడూ తినేసి. నేను తినలేదు. పండినవి ఆ మూడే, బిడ్డకే పెట్టాలనిపించింది.

గంటకి గొంతు ఆరిపోతోందని నీళ్లడిగింది, మళ్లీ అడిగింది. మొహం కందిపోయింది. ఎండదెబ్బ అనుకున్నాను, ఈ దేశపు ఎండకి! తర్వాత గోడ దగ్గర నిలబడి, అక్కడ లేనిదేదో వేళ్లతో ఏరడం మొదలుపెట్టింది. "ఏం చేస్తున్నావే?" అంటే తిరిగింది గానీ నన్ను చూడలేదు. కంటిపాపలు పెద్దవైపోయి, కళ్లలో నలుపు తప్ప ఇంకేమీ కనిపించలేదు. మా ఆయన దాన్ని ఎత్తుకుని కారు దగ్గరికి పరిగెత్తాడు.

ఆసుపత్రిలో నర్సు ఏం తిన్నదని అడిగింది. బ్లాక్‌బెర్రీలు, మా తోటవే అన్నాను. దాచాలని కాదు. మంచినీళ్లు తాగిందని ఎవరైనా చెబుతారా? నాకు కామంచి అలాంటిదే. ఆమె రాసుకుని వెళ్లిపోయింది, మేం అలాగే కూర్చున్నాం.

కాసేపటికి వచ్చిన డాక్టరమ్మది తెలంగాణ మాట. పిల్ల కంట్లో లైటు వేసి చూసి, మళ్లీ వేసి చూసి, నా వైపు తిరిగింది.

"బ్లాక్‌బెర్రీలకు ఇట్ల కాదమ్మా. ఇంకేం తిన్నది? మంచిగ యాద్ చేసుకోండి."

"ఇంకేం లేదండీ. మూడు కామంచి పళ్లు పెట్టాను, అంతే."

"కామంచా? ఇక్కడెక్కడిదమ్మా? పువ్వు ఏ రంగుండె?"

ఊదా అని చెబుతుండగానే నాకు తెలిసిపోయింది. ఆమె బయటికి పరిగెత్తి ఎవర్నో కేకేసింది. మా ఆయన నన్ను చూశాడు.

అది విషపు మొక్కట. కామంచి కుటుంబమేనట. రెండు రోజులు మా అమ్మాయి దుప్పటి మీద లేని పళ్లు ఏరుతూనే ఉంది. మంచం పక్కన కూర్చుని, దానికి కాదు నాకే ఏదైనా అయిపోవాలని మొక్కుకున్నాను. మూడో రోజు పొద్దున నన్ను గుర్తుపట్టి చెయ్యి చాపింది. గుండెలకు హత్తుకుని బావురుమన్నాను.

మేం ఇంటికొచ్చేసరికి మా ఆయన చేతులకు గ్లౌజులేసుకుని ఆ మొక్కని వేళ్లతో సహా తవ్వేశాడు. బ్లాక్‌బెర్రీలు పండి రాలిపోతున్నా ఎవరం కోయలేదు.

ఆ సాయంత్రం వేడి అన్నంలో పప్పు, నెయ్యి కలిపి ముద్ద చేసి దాని నోటి దగ్గర పెట్టాను. ఆకలితో ఉంది, వాసనకి గుటక కూడా వేసింది. అయినా పెదాలు బిగబట్టి, నా భుజం మీంచి వాళ్ల నాన్నని చూసింది.

"ఈజ్ ఇట్ ఓకే, డాడ్?"

ఆయన తలూపాడు. అప్పుడు తిన్నది.

ఇప్పటికి మూడు నెలలు. ఆయన సిటీవెస్ట్ ఆఫీసుకు వెళ్లిన రోజుల్లో, అన్నం వేళకి నేనే వీడియో కాల్ కలిపి పళ్లెం చూపిస్తాను.