చెంగల్రాయన్న ఇచ్చిపోయిన మాట

చెంగల్రాయన్న పరమపదించారన్న వార్త నాకు చిత్తూరు రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట, జెరాక్సు అంగట్లో నిలబడి ఉండగా తెలిసింది. ఫోను చేసింది ఆయన సహధర్మచారిణి కమలమ్మ వదిన. "మీ అన్న పొయినాడు పాపా" అన్నది. ఎక్కడికి పోయినాడు వదినా అని అడిగాను. అంత వెర్రిప్రశ్న అడిగానంటే, ఆ మాటను లోపలికి రానిచ్చే శక్తి నా మనసుకు ఆ క్షణాన లేదన్నమాట. పొద్దున్నే పాలు తెచ్చి, వాకిట్లో చెప్పులు విడుస్తూ కూలబడ్డారట. తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది. అంగడివాడు నా కాగితాలు చేతికిచ్చి, ఏమైందమ్మా అని అడుగుతుంటే, డబ్బు కూడా ఇవ్వకుండా బస్టాండు వైపు నడిచాను.

ఆయన ఎవరో ఎరగని పాఠకులకు రెండు మాటలు చెప్పాలి. అప్పు తీర్చలేనివారి ఇల్లో స్థలమో బ్యాంకువారు స్వాధీనపరచుకుని వేలం వేస్తారు. పత్రికలో ప్రకటన పడుతుంది. ఆస్తి ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతాం, మంచిచెడ్డలు మీరే చూసుకోండి అని అందులో స్పష్టంగా ఉంటుంది. ఆ మంచిచెడ్డలు చూసిపెట్టడమే చెంగల్రాయన్న వృత్తి. చిత్తూరు, తిరుపతి, పలమనేరు పరిసరాల్లో వేలంలో పెట్టుబడి పెట్టేవారు ముందు ఆయన గుమ్మం తొక్కి, ఆ తర్వాతే బ్యాంకు గుమ్మం తొక్కేవారు. శవాల మీద పేలాలు ఏరుకునే బేరం అని ఈ వృత్తిని ఈసడించేవారు ఉన్నారు. నేను ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరినప్పుడు మా నాయన కూడా అదే మాట అన్నాడు. ఆడపిల్లను పనికి పెట్టుకున్నావేమప్పా అని అన్నను కూడా నలుగురూ వెక్కిరించారు. ఆయన లెక్కచెయ్యలేదు.

సంస్మరణ సభ కరపత్రంలో ఆయన్ను మృదుభాషి అని వేశారు. ఎవరు వేయించారో గానీ, ఆయన్ను ఒక్కసారి కూడా చూసి ఉండరు. అన్న మృదుభాషి కాడు. ఆయన నోట పొగడ్త రావడం నేను విన్లేదు. వచ్చినవాడు ఎంతటి ధనికుడైనా, "ఏమప్పా, దుడ్డు జాస్తిగా ఉండాదా, నిద్ర జాస్తిగా ఉండాదా? ఏది పోగొట్టుకోవాలని వచ్చినావు?" అనేదే ఆయన స్వాగతవచనం. అది భరించి కూర్చున్నవాడే ఆయన కక్షిదారు.

తిరుపతి బట్టల వర్తకుడొకాయన ఒక గోడౌను మీద మనసు పడ్డాడు. హక్కు పత్రాలు నిర్దుష్టం. ధర ఆకర్షణీయం. ఆయన అప్పటికే మనసులో గోడౌనుకు రంగు కూడా వేయించేశాడు. అన్న నన్ను వెంటబెట్టుకుని ఎర్రటి ఎండలో ఆ స్థలం చుట్టూ తిరిగి, పక్క మామిడితోట కాపలాదారుతో గట్టుమీద కూర్చుని చాలాసేపు మాట్లాడి వచ్చాడు. మరునాడు వర్తకుడితో అన్నది ఇది. "గోడౌను బంగారమే. నువ్వు లోపలికి యాడి నించి పోతావు? ఆ దారి తోటాయప్పది. అప్పు తీసుకున్నోడికీ ఆయప్పకీ సావాసం ఉండె, దారిచ్చినాడు. నీకూ ఆయప్పకీ ఏముండాది?" వర్తకుడు కోపగించి వెళ్ళిపోయాడు. ఆ గోడౌను ఇంకెవరో కొన్నారు. అందులోకి సరుకు చేరడం మాత్రం నేను చూడలేదు.

వేలం ఇప్పుడు కంప్యూటరు మీద జరుగుతుంది. ఎదుటివాడెవడో కనబడడు, ధర మాత్రం కళ్ళముందే పెరుగుతూ పోతుంది. మనిషికి పౌరుషం ముంచుకొచ్చే ఘట్టం అది. అందుకే అన్న ముందురోజే కొనేవాడి ఇంటికి పోయి, ఎంతవరకు పాడదలచుకున్నావో నీ పెండ్లాం ముందర చెప్పు అనేవాడు. ఒకాయన ఆ హద్దు దాటి పాడబోతే, లేచిపోయి గోడకున్న ప్లగ్గు పీకేశాడు. ఆయన కేకలేస్తుంటే, "నీకిప్పుడు ఇల్లు కావాల్నా, ఆ కనపడనోణ్ణి ఓడగొట్టాల్నా? ఓడగొట్టాలంటే పొయ్యి కబడ్డీ ఆడుకో" అన్నాడు. ఆయన భార్య లోపలి గదిలోనుంచి పకపకా నవ్వింది. వారం రోజులకు భర్త కూడా నవ్వాడనీ, అన్నకు ధోవతి పెట్టాడనీ విన్నాను.

ఇవన్నీ చాతుర్యానికి సంబంధించినవి. చాతుర్యం ఉన్నవారు మా వృత్తిలో ఇంకా ఉన్నారు. అన్నకు మాత్రమే ఉన్న ఒక ఆచారం గురించి చెప్పాలి. దాన్ని గురించి రాయడానికే ఈ వ్యాసం ఒప్పుకున్నాను.

వేలానికి ముందు ఆయన కొనుగోలుదారును వెంటబెట్టుకుని, వేలానికి వచ్చిన ఆ ఇంటికే పోయేవాడు. ఇంటివారికి దాపరికం లేకుండా చెప్పేవాడు. "అమ్మా, ఈయప్ప మీ ఇల్లు కొనాలని వచ్చినాడు. మేం కొనకపోయినా ఇంకెవడో కొంటాడు. కూసోని మాట్లాడుకుందాం." తిట్టినచోట తిట్లు తిన్నాడు. ఐరాల దగ్గర ఒకచోట చీపురు తిరగేశారు కూడా. కానీ తరచుగా ఏమయ్యేదంటే, మాటలు సాగి, పొద్దెక్కి, ఇంటివాళ్ళు సంగటి కెలికి పెట్టేవారు. కొనేవాడూ, పోగొట్టుకునేవాడూ ఒక వరసలో కూర్చుని తినేవారు. ఆ భోజనం మీదే ఒప్పందం కుదిరేది. ఎప్పటికి ఖాళీ చేస్తారు, పిల్లల పరీక్షలు ఎప్పుడు, కొత్త ఇల్లు చూసిపెట్టేది ఎవరు, అన్నీ. ఇది దయాగుణం అని పొరబడకండి, ఇది కొనుగోలుదారుకు చేసే సేవ అని ఆయన నాకు పదే పదే చెప్పేవాడు. "బ్యాంకోడు నీకు కాగితమిస్తాడు అమ్మణ్ణీ. తాళం ఇంట్లోవాళ్ళ చేతిలో ఉండాది. వాళ్ళు మనసారా ఇస్తే రేపే చేరొచ్చు. లాక్కుంటే కోర్టు మెట్లెక్కతానే ఉండాల." ఆ చీపురు తిరగేసిన ఐరాల రైతే చివరికి కొన్నాయనను చెయ్యి పట్టుకుని తిప్పి, బోరు పైపు ఎక్కడ కారుతుందో చూపించి మరీ వెళ్ళాడు. కొన్నాయన ఆరోజు ఏడ్చినంత పని చేశాడు.

ఇక పలమనేరు సంగతి. యశోదమ్మ అనే ఆమె పట్టణం చివర ఇల్లూ, వెనక కొట్టమూ, కొట్టంలో ఆవులూ పెట్టుకుని పాలుపోసి బతుకుతున్నది. భర్త లేడు. మరిది వ్యాపారానికి హామీగా ఆ ఇల్లు పెట్టారు. వ్యాపారం మునిగింది, మరిది మాయమైనాడు, ఇల్లు వేలానికి వచ్చింది. బెంగుళూరు నుంచి వచ్చే ఒక పెట్టుబడిదారు అన్న ద్వారా దాన్ని కొనదలచారు. ఆయన పేరు రాయను. అంతకుముందు అన్న చేత లాభపడిన పెద్దమనిషే. సారు అంటాను.

ముగ్గురం కలిసి యశోదమ్మ ఇంటికి పోయాం. ఆమె అప్పటికే వకీలును కలిసి వచ్చింది. బ్యాంకు నోటీసుల్లో లోపాలున్నాయి, అప్పుల తగాదాలు చూసే ట్రిబ్యునల్‌కు పోతే వేలం ఆగవచ్చునని ఆయన చెప్పాడట. అన్న ఆ మాట సారు ముందే బయటపెట్టాడు. "కేసు పడితే మీ దుడ్డు ఇరుక్కుంటాది సార్. ఆయమ్మ కేసుకు పోకుండా ఉండాలంటే మీరొక మాట ఇయ్యాల." ఆ మాట ఏమిటో సంగటి తింటూ తేలింది. కొన్న తర్వాత ఒక సంవత్సరం యశోదమ్మ అద్దె కడుతూ అక్కడే ఉండవచ్చు. ఆలోపు ఆమె తేరుకోగలిగితే, కొన్న ధరకు ఖర్చులు కలుపుకుని ఆమెకే తిరిగి అమ్మాలి. సారు తలూపారు. నోటితో కూడా అన్నారు. "అలాగేనమ్మా, మీరు దిగులు పడకండి. ఈ ఇల్లు ఎక్కడికీ పోదు" అన్నారు. యశోదమ్మ అన్న వైపు తిరిగి, "నువ్వు జెప్తే సరేన్నా. నేను కోర్టుకు పోను" అన్నది. ఆయన "పోవద్దు" అన్నాడు.

తిరుగుదారిలో, రాసుకుంటే బాగుంటుంది కదన్నా అన్నాను. సారు కారు ముందు సీట్లో ఉన్నారు, వింటున్నారు. అన్న నా మీద కళ్ళెర్రజేశాడు. "కలిసి తిని సెయ్యి కడుక్కోని, మల్లా కాగితం తీస్తే ఆయమ్మ ఏమనుకుంటాది? సారు ఏమనుకుంటారు? ఇన్నేండ్లలో ఒక్కడు తప్పినాడా?" నిజమే, అప్పటిదాకా ఒక్కరూ తప్పలేదు. ఎందుకు తప్పలేదో ఆయనకు తెలియదు. తిన్న సంగటి మహిమ అనుకున్నాడు. కాదు. మాట తప్పితే చెంగల్రాయన్న మళ్ళీ తమ మొగం చూడడనీ, ఇంకో ఆస్తి చూపించడనీ ఆ కొనేవారందరికీ భయం. ఆ భయానికి ప్రాణం ఆయనే.

సారు వేలం పాడారు, ఇల్లు ఆయనకే వచ్చింది. సారు డబ్బు కట్టారు, బ్యాంకు అమ్మకపు సర్టిఫికెట్ ఇచ్చింది. ట్రిబ్యునల్‌కు పోవలసిన గడువు గడిచిపోయింది. ఆ తర్వాత అన్న పోయాడు.

పెద్దకర్మ దినం నాడు సారు దండ తెచ్చారు, వదినకు నమస్కరించారు, కంట నీరు పెట్టుకున్నారు కూడా. అది దొంగ ఏడుపని నేననను. అక్కడే వాకిట్లో నన్ను పక్కకు పిలిచి, ఇకమీదట మా పనులు మీరు చూడాలమ్మా అన్నారు. మొదటి పని, పలమనేరు ఇల్లు ఖాళీ చేయించడం. పక్కన లేఅవుట్ వేస్తున్నవారు ఖాళీ స్థలంగా ఇస్తే మంచి ధరకు అడుగుతున్నారట. మీరు మాట ఇచ్చారు కదా సార్, నేను అక్కడే ఉన్నాను కదా అన్నాను. ఆయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ఎంతో మర్యాదగా, "అది ఆయనకు, నాకు మధ్య మాట అమ్మా. ఆయనే లేరు" అన్నారు.

యశోదమ్మ కూడా వచ్చింది ఆ రోజు. ఆడవాళ్ళ మధ్య కూర్చుని, కమలమ్మ వదిన చేతులు పట్టుకుని ఏడ్చింది. పోయేముందు నా దగ్గరికి వచ్చి, "అన్న చెప్పింది అట్లనే ఉంటాది గదా పాపా? ఆవు ఒకటి ఈనబోతా ఉండాది, ఇప్పుడు యాడికీ కదిలించేదానికి కాదు" అన్నది. ముందు ఇంటికి పో అక్కా, నేను మాట్లాడతాను అన్నాను.

మాట్లాడాను. సారుతో మాట్లాడాను. బ్యాంకులో మాట్లాడాను, మా పని అయిపోయిందన్నారు. ఆ వకీలుతో మాట్లాడాను, ఇప్పుడొచ్చి ఏం లాభమమ్మా అన్నాడు. అన్నతో కలిసి పని చేసిన ఏజెంట్లను అడిగాను, మనకెందుకు, కొనేవాళ్ళను పోగొట్టుకుంటే మనం తినేదేమిటి అన్నారు. తాళాలు మార్చే పని నేను చెయ్యనంటే, మరొకరు సంతోషంగా ఒప్పుకున్నారు. సంస్మరణ సభ ఆదివారం. ఆ మరుసటి బుధవారం ఇల్లు ఖాళీ చేయించడానికి అధికారులు పలమనేరు వస్తున్నారు. ఇంక తట్టవలసిన తలుపు నాకు కనబడటం లేదు.

అన్నా, నీ మీద నాకు కోపం తగ్గడం లేదు. నిన్ను తలుచుకుని ఏడుద్దామని కూర్చుంటే కోపమే ముందు వస్తున్నది. నీ మాటకు విలువ నువ్వేనని, నువ్వు పోతే అది చెల్లదని ఒక్క రోజైనా ఎందుకు తట్టలేదు నీకు? కొనేవాడికి మేలు చెయ్యాలి, పోగొట్టుకునేవాడికి గౌరవం దక్కాలి, రెండూ ఒకే మనిషి మోయగలడని మాకు నేర్పావు. నువ్వు మోశావు. మా వల్ల కావడం లేదు. నీ స్థానం పూడ్చలేనిదని అందరూ అంటున్నారు, నేనూ అంటున్నాను. వాళ్ళు ఊరికే అంటున్నారు. నేను ప్రతి పూటా పలమనేరు నుంచి ఫోను మోగినప్పుడల్లా అంటున్నాను.

ఈ వ్యాసం అచ్చయితే నన్ను నమ్మి పని ఇచ్చే పెట్టుబడిదారు ఈ జిల్లాలో దొరకడు. తన కొనుగోలుదారు రహస్యం బయటపెట్టిన ఏజెంటు దగ్గరికి ఎవరొస్తారు? అయినా రాస్తున్నాను. యశోదమ్మకు సంవత్సరం గడువు ఇస్తామని, ఆ తర్వాత ఆమెకే అమ్ముతామని సారు మాట ఇచ్చారు. నేను విన్నాను. ఆ మాట మీదే ఆమె కేసు మానుకుంది. ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

ఆదివారం సభలో ఆవిష్కరించే చెంగల్రాయన్న నిలువెత్తు చిత్రపటం సారే సొంత ఖర్చుతో చేయించారని తెలిసింది. మొదటి దండ కూడా ఆయనే వేస్తారట. సంతోషం. వెయ్యండి సార్. వేసిన తర్వాత ఆయన కళ్ళల్లోకి చూసి, ఆ మాట నేను ఇవ్వలేదు అని ఒక్కసారి చెప్పండి. యశోదమ్మను ముందు వరసలో కూర్చోబెడతాను.