ఆగని పిడికిలి

తూంకుంటలో మా కాలనీకి రెండు వీధుల అవతల, ఒక రేకుల షెడ్డులో కరాటే నేర్పుతారు. నలభై మూడేళ్ల వయసులో అక్కడ చేరుతూ, ఆరోగ్యం కోసమని ఇంట్లో చెప్పాను. నిజానికి ఆఫీసులో ఎవరేమన్నా నవ్వి ఊరుకునే నాకు, ఎక్కడో ఒకచోట గట్టిగా కొట్టాలని ఉండేది.

మాస్టర్‌ది అలియాబాద్. అన్నదమ్ములంతా ప్లాట్ల వ్యాపారంలో ఉంటే ఈయన ఈ షెడ్డు పట్టుకుని ఉన్నారు. క్లాసుకు ముందు ఐదు నిమిషాలు మోకాళ్ల మీద కళ్లు మూసుకుని కూర్చోమనేవారు. గ్యాస్ కట్టేశానా, మెయిల్ పంపానా అని నాకు సరిగ్గా అప్పుడే గుర్తొచ్చేది. ఓరగా కన్ను తెరిస్తే ఆయన నన్నే చూస్తూ ఉండేవారు.

ఒక ఆదివారం పొద్దున నన్నూ, నాతో నేర్చుకునే ఒక నర్సునూ ఎదురెదురుగా నిలబెట్టారు. అంతకుముందు రోజే, నేను రాసిన రిపోర్టును మేనేజర్ మీటింగులో తనదిగా చెప్పుకున్నాడు. నేను అలవాటుగా నవ్వాను. ఆ నవ్వు పళ్ల సందున ఇరుక్కున్న పీచులా ఇంకా గుచ్చుతూనే ఉంది.

"యమే!" అని మాస్టర్ అరిచారు. ఆగమని. విన్నాను. అయినా నా పిడికిలి వెళ్లి ఆమె ముక్కుకు తగిలింది. తెల్లబట్టల మీద రక్తం.

ఆమె ముక్కు మీద ఐసు పెట్టించాక మాస్టర్ నా దగ్గరికి వచ్చారు.

"ఇనబడలేదా అమ్మా?"

"వినబడింది మాస్టర్."

"కొట్టుడు అందరికొస్తది. ఆపుడే జల్దీ రాదు. ఇగ నెల రోజులు ఎవ్వరితోని ఆడకుండ్రి. గీడ కాగితం ఏలాడగడ్త. గుద్దు దాని దాక పోవాలె, తాకొద్దు."

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి క్షమించమన్నాను.

"ముక్కుకేం గాలేదక్కా. గానీ గప్పుడు నువ్వు నన్ను సూస్తలేవు. ఎవర్ని కొట్టినవ్?"

మేనేజర్ సంగతి చెప్పాను. ఆమె నవ్వబోయి, నొప్పికి ముక్కు పట్టుకుంది. "గాయన్ని అడిగేదుంటే గాయన్నే అడుగరాదూ!"

మొదటి వారం రోజుకో కాగితం చిరిగింది. ఒళ్లంతా చిరచిరలాడేది. మానేద్దామని రెండుసార్లు సగం దారిలో వెనక్కి తిరిగాను. ఊపిరి బిగబట్టినప్పుడల్లా చెయ్యి నాకంటే ముందు పోతోందని మెల్లగా తెలిసింది. ఇంకొకటి కూడా తెలిసింది. నేను షెడ్డులో ఆగాల్సిన చోట ఆగడం లేదు, ఆఫీసులో ఆగకూడని చోట ఆగిపోతున్నాను.

మూడో వారంలో మేనేజర్ మళ్లీ నా పని తనదన్నాడు. నవ్వు పెదాల దాకా వచ్చింది. ఊపిరి వదిలి, "అది నేను రాసింది సార్," అన్నాను. ఆ తర్వాత నాకు పని పెరిగింది తప్ప మర్యాద పెరగలేదు. అయినా ఆ మాట అన్నందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు.

నెల గడిచాక మళ్లీ ఆమెతోనే ఆడించారు. భయంతో నా గుద్దు ఆమెకు మూరెడు దూరంలోనే ఆగిపోయింది.

"గంత దూరమైతే ఎట్లక్కా? దగ్గరికి రా," అంది.

ఊపిరి వదిలి ఒక అడుగు ముందుకు వేశాను.