డేవిడ్‌రాజు మరిచిపోయే స్విచ్

సాలూరు బైపాస్ మీద లారీలు వరసకట్టి ఆగే చోట ఒక రేకుల షెడ్డు ఉంది. ఆటో ఎలక్ట్రీషియన్ డేవిడ్‌రాజు అందులో ఇరవయ్యేడేళ్లుగా లారీలకు వైరింగు చేస్తున్నాడు. చెయ్యి మంచిదే గాని, ఆయనకు పేరొచ్చింది దొంగ స్విచ్‌ల వల్ల. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, బండిలో ఎవరి కంటా పడని చోట ఒక చిన్న మీట పెడతాడు. అది నొక్కకపోతే తాళంచెవి ఉన్నా ఇంజను కదలదు. మొదట లారీలవాళ్లే పెట్టించుకునేవారు, ఇప్పుడు కార్లవాళ్లూ వస్తున్నారు.

స్విచ్ బిగించాక షెడ్డులో ఉన్న అందరినీ టీకి పంపేస్తాడు. టార్పాలిన్ దించి, యజమాని వేలు పట్టుకుని మీట మీద పెడతాడు. "తెలిసిందా సారు? ఇంక నేను మరిసిపోనాను" అంటాడు. ఏ రెండు బండ్లకూ ఒకే చోట పెట్టడు, ఎక్కడా రాసుకోడు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చే భార్య గ్లోరీ ఇదే మాట పట్టుకుని దెప్పుతుంది.

"ఎవలి బండిలో ఎక్కడున్నాదో నాకు కూడా సెప్పడండి. ప్రార్థనలో దేవుడికైనా సెప్తాడో లేదో."

డేవిడ్‌రాజు నవ్వి అన్నం కలుపుకుంటాడు.

ఇక నా సంగతి. నా పేరు జగన్నాధం. గరివిడిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సు ముప్పయ్యేళ్లు చూశాను. ఒక్క బోల్టు పోనివ్వలేదు గాని, ఆ కాపలాలో మనుషుల మీద నమ్మకం పోయింది. రిటైరై సాలూరు వచ్చి ఒక పాత కారు కొన్నాను, కొన్న వారంలోనే డేవిడ్‌రాజు చేత దానికి దొంగ స్విచ్ పెట్టించాను. డ్రైవింగు స్కూలుకు నేనూ మా ఆవిడ ఈశ్వరీ కలిసే వెళ్లాం. ఆమెకు లైసెన్సు మొదటిసారికే వచ్చింది, నాకు మూడోసారికి. అయినా స్టీరింగు ఆమెకు ఇవ్వలేదు. ఒకరోజు రోడ్డు బాగోలేదన్నాను, ఒకరోజు వాన అన్నాను. రెండో తాళంచెవి మాత్రం ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంచాను. స్విచ్ ఎక్కడుందో తెలియనిదే తాళంచెవితో ఏం చేస్తుందిలే అని నా ధీమా.

మొన్న మాఘమాసంలో మా తోడల్లుడు గంగరాజు బైపాస్ దగ్గర ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. మొదటి బంతిలోనే సుష్టుగా తిని, మేడ మీద నులకమంచం ఎక్కాను. లేచి పిట్టగోడ మీంచి చూస్తే వీధిలో కారు లేదు. ఈశ్వరికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వడ్డనల హడావిడిలో ఉందనుకున్నాను. ఆ స్విచ్ తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే, నేనూ డేవిడ్‌రాజూ. నేనైతే మంచం మీదున్నాను. ఇంకేం, చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డుకు పరుగెత్తాను.

అక్కడ అయిదారుగురు లారీవాళ్లు ఉన్నారు. వాళ్ల ముందే అనేశాను.

"నా బండి పోనాది. ఆ స్విచ్ నాకు తెలుసు, నీకు తెలుసు. ఎవలికి సెప్పావో మర్యాదగా సెప్పు."

ఆ మాట నిలబడితే రేపటినుంచి ఒక్క లారీ ఆ గుమ్మం ముందు ఆగదు. అది నాకూ తెలుసు, తెలిసే అన్నాను. కోపం అలాంటిది. డేవిడ్‌రాజు చేతిలోని టెస్టర్ బెంచీ మీద పెట్టేశాడు.

"బండి దొరికీవరకు దీన్ని ముట్టుకోను సారు. ముందిలా కూకోండి" అని ఒక స్టూలు లాగాడు. "ఇదే మీ కారు అనుకోండి. రోజూ ఎలాగ తీస్తారో అలాగే తియ్యండి."

కోపంలోనే కూర్చున్నాను. అరికాళ్లు దులుపుకున్నాను. లేని బెల్టు లాగి పెట్టుకున్నాను. స్విచ్ చప్పుడు పక్కవాళ్లకు వినబడకుండా నేనే కనిపెట్టిన ఉపాయం ఒకటుంది, రెండుసార్లు దగ్గడం. దగ్గాను. ఆ దగ్గుతోపాటే నా కుడిచెయ్యి తనంతట తను స్టూలు కిందికి పోయింది.

"సీటు కింద, కుడిపక్క" అన్నాడు కూర్మయ్య అనే లారీ డ్రైవరు. మిగతావాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

డేవిడ్‌రాజు నవ్వలేదు. "రోజూ మీ పక్క సీట్లో కూకునేది ఎవలు సారు?" అని మాత్రం అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా బయట హారన్ మోగింది. నా కారే. రెండు లారీల మధ్య సందులోంచి, నేను ఏనాడూ తిప్పలేనంత ఒడుపుగా తిరిగి షెడ్డు ముందు ఆగింది. స్టీరింగు దగ్గర ఈశ్వరి, వెనక సీట్లో మూడు పెరుగు క్యాన్లు.

"ఇక్కడేటి సేస్తన్నారండీ, సెప్పుల్లేకుండా?" అంది. "పెరుగు అయిపోనాది. ఆఖరి బంతివోళ్లు ఇస్తరాకుల ముందు కూకున్నారు, మీరు గురక పెడతన్నారు. డెయిరీకి నేనే ఎల్లాను, తిరిగొస్తంటే ఇక్కడ మీరు కనిపించారు."

"మరి స్విచ్?"

"బండెక్కినప్పుడల్లా రెండుసార్లు దగ్గుతారు కదా. ముందు దగ్గుమందు కొన్నాను. తర్వాత మీ సెయ్యి సూశాను."

ఈసారి డేవిడ్‌రాజు కూడా నవ్వాడు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా అందరి ముందు అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. "నాదే తప్పు డేవిడ్‌రాజూ, అనరాని మాట అన్నాను" అని గట్టిగా, కూర్మయ్యకు కూడా వినబడేలా చెప్పాను. బెంచీ మీది టెస్టర్ నేనే తీసి ఆయన చేతికిచ్చాను.

"నోరు జారితే మాటే కదా సారు. వైరు జారితేనే బండి తగలబడిపోద్ది" అన్నాడు. "పెరుగు దింపీసి రండి. సగం సాలూరుకి తెలిసిపోనాది, స్విచ్ చోటు మార్చాల."

గంటలో తిరిగొచ్చాం. పని పూర్తిచేసి, డేవిడ్‌రాజు ఎప్పటిలాగే అందరినీ టీకి పొమ్మన్నాడు. టార్పాలిన్ అంచు పట్టుకుని నా వైపు చూశాడు.

"ఎవలికి సూపించాల సారు?"

ముప్పయ్యేళ్ల స్టోర్సు బుద్ధి ఒక్క క్షణం లోపల గింజుకుంది. "ఈశ్వరికి సూపించు" అని చెప్పి, కూర్మయ్య వెనకాల టీకి నడిచాను. అంత రుచైన టీ ఈమధ్య తాగలేదు.

ఇప్పుడు బండి ఎవరు నడిపినా, తీసేముందు ఈశ్వరి "అటు సూడండి" అంటుంది. నేను బుద్ధిగా కిటికీలోంచి బయటికి చూస్తాను. అప్పుడామె, ఏ జబ్బూ లేని మనిషి, రెండుసార్లు దగ్గుతుంది.