వాన వారంలో మా లైబ్రరీ సెట్టు

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మనిషికి ఐడియాలు తామరతంపరగా పుట్టుకొస్తాయి. వాటిని ఆచరణలో పెడితే ఏమవుతుందో తెలిసొచ్చేసరికి ఐడియాలు తగ్గి, జీతం కాస్త పెరుగుతుంది. జూబ్లీ హిల్స్‌లో ఒక స్కూల్లో లైబ్రేరియన్‌గా చేరినప్పుడు నేనింకా మొదటి దశలోనే ఉన్నాను. వేసవికి మామిడిపళ్ల కథలు, చలికాలంలో దుప్పట్లో ముడుచుకుని చదువుకోవడం, వానాకాలానికి ‘వాన వారం’ అంటూ ఋతువుకో అలంకరణ చొప్పున గోడకి చార్టు అంటించాను. పిల్లలు మాత్రం వచ్చేవారు కాదు. (ఒకరిద్దరు వచ్చేవారు, ఏసీ కోసం.)

ఈలోగా మా ప్రిన్సిపల్ మేడం కన్ను ఆ గది మీద పడింది. “ఏమ్మా, పిల్లలే రానప్పుడు ఇంత పెద్ద రూమ్ ఎందుకు చెప్పు? రోబోటిక్స్ ల్యాబ్ పెడితే పేరెంట్స్ అయినా సంతోషిస్తారు. శుక్రవారం వచ్చి చూస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే పుస్తకాలు స్టోర్‌రూమ్‌కి పంపించేద్దాం” అన్నారు. గదితో పాటు నా ఉద్యోగమూ పోతుందా అని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఇక వాన వారమే దిక్కు.

మూడో తరగతి పాప ఒకతి ఉండేది. వాళ్ల నాన్న ఫిల్మ్ నగర్‌లో సినిమాలకి సెట్లు వేసేవారు. స్టాఫ్ రూములో మేమంతా ఆయన్ని ‘సెట్టు నాన్న’ అనేవాళ్లం. ఆయన్ని పట్టుకుని, “గదిలో వాన కురుస్తున్నట్టు ఉండాలండీ” అని బతిమాలాను. ఆయన గది నాలుగు మూలలూ చూసి, “ఏం ఫికర్ చెయ్యకుండ్రి మేడం. తాళంచెవి ఇచ్చి పోండ్రి, శుక్రవారం పొద్దుగాల వచ్చి చూసుకోండ్రి” అన్నారు. నేను ఇచ్చేసి ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాను.

శుక్రవారం లిఫ్టు దిగి తలుపు తీస్తే కళ్లు చెదిరాయి. పైనంతా మేఘాలు, సన్నటి దారాలకి వేలాడే చినుకులు, ఒక మూల పెంకుటింటి చూరు. అరల నిండా లావుపాటి, ఒకే రంగు పుస్తకాలు. ఇంత మంచివి మనం ఎప్పుడు కొన్నామబ్బా అని మురిసిపోతూ ఒకటి లాగాను. పక్కనున్నవన్నీ కట్టకట్టుకుని చేతిలోకి వచ్చాయి. థర్మోకోల్! కనిపించే అంచులకి రంగు వేశారు, వెనక ఏమీ లేదు.

వెంటనే సెట్టు నాన్నకి ఫోన్ చేశాను. “నా పుస్తకాలేవండీ?”

“గవి తలా ఒక రంగున్నయి మేడం, మంచిగ కనవడ్తలేవు. అట్టపెట్టెలల్ల పెట్టి మెట్ల కాడ ఉంచిన.”

“మరి పిల్లలు ఏం చదవాలండీ?”

“సెట్టుల పుస్తకం ఎవ్వలు తెరవరు గద మేడం!” అన్నారు పాపం, నిజంగానే ఆశ్చర్యపోతూ.

అంతలో లిఫ్టు తలుపు తెరుచుకుంది, ప్రిన్సిపల్ మేడం దిగారు. మేఘాలు చూసి ముచ్చటపడ్డారు, చూరు కింద నిలబడి ఫోటో కూడా తీయించుకున్నారు. తర్వాత చుట్టూ చూసి, “అంతా బాగుంది, పిల్లలేరమ్మా?” అన్నారు. చంకలో థర్మోకోల్ పుస్తకాలతో బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను.

అప్పుడు మెట్ల వైపు నుంచి పకపకా నవ్వులు వినిపించాయి. ఇద్దరం వెళ్లి చూశాం. మెట్ల నిండా పిల్లలు. పెట్టెలు ఖాళీ, ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కో పుస్తకం. ఒకడు కథ పైకి చదువుతున్నాడు, నలుగురు వాడి మీద పడి బొమ్మలు చూస్తున్నారు. “ఇక్కడేం చేస్తున్నారు? లోపలికి రాలేదేం?” అన్నాను.

సెట్టు నాన్న గారి పాప తలెత్తకుండానే జవాబిచ్చింది. “లోపల సెట్టు వేసిన్రు కద మిస్, చూడనీకి వచ్చినం. పిలవకముందు పోతే తిడతరు. షూటింగుల ఇట్లనే బయట కూసుంటం. షాట్ రెడీ అయితే పిలువుండ్రి, అప్పటిదాంక చదువుకుంటం.”

ప్రిన్సిపల్ మేడం కిందికి దిగబోయారు. దారి లేదు. “జరగండమ్మా” అన్నారు. ఎవరూ వినిపించుకోలేదు. ఆవిడ ముందుకేసిన కాలు వెనక్కి తీసుకుని, “రోబోలని ఇంకెక్కడైనా పెట్టుకుందాంలే” అంటూ మళ్లీ లిఫ్టు వైపు నడిచారు. నేను ఆ పై మెట్టు మీదే కూలబడి, ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియకుండా కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పటికీ ఋతువు మారితే గదికి సింగారం చేస్తాను. అంతా పూర్తయినా పిల్లలతో మాత్రం, “ఇంకా రెడీ కాలేదు, కాసేపు మెట్ల మీద కూర్చోండి” అంటాను. అక్కడ ముందే నాలుగు పుస్తకాల పెట్టెలు సగం తెరిచి పెడతాను. ఆ శుక్రవారం బిక్కమొహంతో నిలబడ్డ ఆ కొత్త లైబ్రేరియన్ పిల్ల గుర్తొస్తే, అంత కంగారు పడొద్దమ్మా, కాసేపు వాళ్లని వాళ్ల మానాన వదిలెయ్ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు లెండి.